తాగుడు మాన్పించే హెడ్‌సెట్ కోర్సులో చేర్పించమంటారా?

ప్రశ్న (కుదించి): మా బాబు ఇంటర్ బైపీసీ సెకండియర్. వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్ పెట్టి తాగుడు మాన్పించే థెరపీ నేర్చుకుంటానంటున్నాడు. అమీర్‌పేటలో ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సుకు లక్షన్నర అడుగుతున్నారు. అది మంచిదా, డిగ్రీలో సైకాలజీయా? మావారికి తాగుడు అలవాటుంది. చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: అమ్మా, ఆ లక్షన్నర కట్టకండి. ఆ సర్టిఫికెట్ చూపించి ఎవరికీ చికిత్స చేయడానికి లేదు. క్లినికల్ సైకాలజిస్టు అనిపించుకోవాలంటే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన చదువు చదివి, అక్కడ రిజిస్టర్ కావాలి. దానికి ఏళ్లు పడుతుంది. సైకాలజీ రెగ్యులర్‌గానే చదివించండి. 2025 జులై నుంచి దూరవిద్యలో సైకాలజీకి కొత్త అడ్మిషన్లు వద్దని యూజీసీ చెప్పేసింది.

ఇక ఆ థెరపీ సంగతి. కళ్లకు పెట్టుకునే ఆ హెడ్‌సెట్‌లో నిజంగా ఎదురుగా ఉన్నట్టే బార్ కనిపిస్తుంది, గ్లాసులో మందు పోస్తారు, పక్కవాళ్లు రమ్మంటారు. తాగాలన్న కోరిక రేగుతుంది. తాగకుండా, థెరపిస్టు తోడుగా, అది తగ్గేదాకా ఉండటం నేర్పిస్తారు. ఎత్తులంటే భయం, విమానమంటే భయం ఉన్నవాళ్లకు 1990ల నుంచి వీఆర్ వాడుతున్నారు, అక్కడ ఫలితాలు బాగున్నాయి. వ్యసనం దగ్గరే నాకు అనుమానం. గదిలో చల్లారిన కోరిక వీధి చివర వైన్‌షాపు చూడగానే మళ్లీ లేస్తుంది. సీసా చూపించి కోరిక తగ్గించే పాత పద్ధతికి నిలకడైన ఆధారం లేదని 2002లోనే ఒక పరిశోధన సమీక్ష తేల్చింది. వీఆర్ బార్‌ను గదిలోకే తెస్తుంది కాబట్టి మెరుగవ్వచ్చు. కానీ కోరిక పుట్టించగలగడం వేరు, మనిషి ఏడాది తర్వాత కూడా తాగకుండా ఉండటం వేరు. కల్తీ కల్లు ఆగిపోయి వణుకుతూ, ఫిట్స్‌తో ఎర్రగడ్డ ఆసుపత్రికి వచ్చేవాళ్లకు ముందు కావాల్సింది మందులు, మంచం, డాక్టరు.

ఒక మాట గట్టిగా చెప్పాలి, కోపం తెచ్చుకోకండి. మీ ఉత్తరంలో ఫీజుల గురించి రెండు పేజీలున్నాయి, మీవారి గురించి ఒక్క వాక్యం. బాబు కోర్సు వెతకట్లేదు, నాన్నను బాగుచేసే దారి వెతుకుతున్నాడు. ఇలాంటి ఇళ్ల పిల్లలు నా దగ్గరకు చాలామంది వచ్చారు. పెద్దవాళ్లు మోయాల్సిన బరువు వాడి నెత్తిన పెట్టి, కెరీర్ అని పేరు పెడితే ఎలా?

బాబు గురించి భయపడకండి. ఎదుటివాడి బాధ పట్టించుకునే గుణం ఈ రంగంలో చాలా పనికొస్తుంది. నీట్ ర్యాంకు వస్తే సైకియాట్రీ వైపు వెళ్లొచ్చు, రాకపోతే ఉస్మానియాలోనూ సైకాలజీ విభాగం ఉంది. హెడ్‌సెట్ వాడటం ఆ తర్వాత ఎప్పుడైనా నేర్చుకుంటాడు.

మీరు మాత్రం ఈ వారమే 14446కు ఫోన్ చేయండి, అది మత్తు మాన్పించే హెల్ప్‌లైన్. మీవారు ఒక్కసారిగా మానేస్తానన్నా, డాక్టరుకు చూపించకుండా మాన్పించకండి, ప్రాణం మీదకు రావచ్చు. ఆసుపత్రికి తోడుగా బాబును పంపకండి, మీరే వెళ్లండి. వాడికి పరీక్షలున్నాయి.