అడిగి తెలుసుకుందాం: బతికున్న చిట్టెలుక మెదడులో కణాలు మెరవడం నిజమేనా?

ప్రశ్న: నేను రొయ్యల ల్యాబులో పనిచేస్తాను. రైతులు తెచ్చిన రొయ్య తల చిదిమి, లివరు ముక్క స్లైడు మీద పెట్టి, పైన పల్చటి గాజుముక్క వేసి చూడటం మా రోజువారీ పని. మొన్న ఫోన్లో ఒక వీడియో వచ్చింది. ఒక తెల్ల బంతి మీద ఎలుక పరిగెడుతోంది, పక్కనే దాని మెదడు కణాలు పచ్చగా మిణుకుమిణుకుమంటున్నాయి. మా దగ్గర ముక్క కాస్త మందమైతేనే ఏమీ కనపడి చావదు. పుర్రె లోపల కణం ఎలా కనపడుతుంది? గ్రాఫిక్సా?
– ఒక టెక్నీషియన్, భీమవరం

జవాబు: గ్రాఫిక్స్ కాదండీ, నిజమే. రంగు మాత్రం వేసిందే, ఆ సంగతి చివర్లో చెబుతాను.

ముక్క మందమైతే మీకు కనపడకపోవడానికి కారణం వెలుతురు చాలకపోవడం కాదు, లోపలికెళ్లింది చెదిరిపోవడం. చెరువులో సెక్కి డిస్క్ (నీళ్ల తేటదనం చూసే నలుపు తెలుపు పళ్లెం) దింపుతారు కదా, మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా కాస్త లోతుకు వెళ్లేసరికి నలుపేదో తెలుపేదో తెలియకుండా పోతుంది, మెదడులోనూ అదే గొడవ. దానికి టూ-ఫోటాన్ మైక్రోస్కోప్ అనే విరుగుడు 1990లో అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో డెంక్, స్ట్రిక్లర్, వెబ్ అనే ముగ్గురు చూపించారు. అసలు ఆలోచన ఇంకా పాతది. ఒక అణువు ఒకేసారి రెండు ఫోటాన్లను (వెలుతురు రేణువులను) మింగగలదని మరియా గోపెర్ట్ మేయర్ 1931లోనే తన డాక్టరేట్ థీసిస్‌లో లెక్కగట్టి చెప్పారు. అప్పటికి లేజర్ అన్నదే లేదు!

ఇందులో వాడేది కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ లేజర్, మామూలుగా తరంగదైర్ఘ్యం 920 నానోమీటర్ల దగ్గర. ఇది మెదడులో తక్కువ చెదురుతుంది. కానీ దీని ఒక్కో ఫోటాన్‌కి, కణంలోని మెరిసే ప్రొటీన్‌ని మెరిపించడానికి కావలసిన శక్తిలో సగమే ఉంటుంది, కాబట్టి రెండు ఫోటాన్లు ఒకేసారి తగలాలి, అలా తగిలేంత రద్దీ లెన్సు కాంతినంతా పోగేసే ఆ ఒక్క చుక్కలోనే ఉంటుంది. పైనా కిందా మెరుపు రాదు. ఇక ఆ చుక్క నుంచి బయల్దేరిన వెలుతురు వచ్చే దారిలో ఎంత చెదిరినా మనకు నష్టం లేదు, ఎక్కణ్నుంచి వచ్చిందో ముందే తెలుసు కాబట్టి. ఆ చుక్కనే గీతలు గీతలుగా తిప్పుతూ సెకనుకు 30 బొమ్మల దాకా తీస్తారు. ఇలా అర మిల్లీమీటరు, బాగా కుదిరితే ఇంకొంచెం లోతు వరకూ చూడొచ్చు.

మెరుపు ఎలుక సొంతం కాదు. ఒసాము షిమొమురా 1962లో జెల్లీఫిష్‌లో కనుక్కున్న పచ్చ ప్రొటీన్‌ని (దానికి 2008లో నోబెల్ వచ్చింది) మార్చి, కాల్షియం తగిలితే మెరిసేలా చేశారు. పేరు జీక్యాంప్. నాడీకణం పనిచేసినప్పుడు లోపలికి కాల్షియం దూసుకొస్తుంది, మెరుపు వస్తుంది. అసలు విద్యుత్ పల్స్ ఒకటి రెండు మిల్లీసెకన్లలో అయిపోతుంది, మెరుపు మాత్రం వందల మిల్లీసెకన్లు సాగుతుంది. అంటే మీరు చూసిన మిణుకు పల్స్ కాదు, దాని వెనకాల వచ్చేది. ఇక డిటెక్టరు వెలుతురు ఎంతో చెబుతుంది తప్ప రంగు చెప్పదు. ప్రొటీన్ మెరిసేది పచ్చగానే అయినా తెర మీద పచ్చదనం కంప్యూటర్ అద్దింది.

పరిగెత్తడం అంటారా, తల అంగుళం కదలదు. పుర్రెకు డెంటల్ సిమెంటుతో అతికించిన లోహపు పట్టీని స్టాండుకు బిగిస్తారు. కింద థర్మాకోల్ బంతి గాలి మీద తేలుతుంటుంది, ఎలుక కాళ్లాడిస్తే బంతి తిరుగుతుంది.

ప్రశ్న: అలా చూడాలంటే పుర్రెకు కిటికీ పెడతారని చదివాను. ఎలుకకి నొప్పి ఉండదా? పుర్రె కోశాక ఆ మెదడు మామూలుగానే ఉంటుందా?
– డిగ్రీ విద్యార్థిని, పాలకొల్లు

జవాబు: మెదడుకి నొప్పి తెలియదు, చర్మానికీ మెదడును కప్పి ఉంచే పొరకీ బాగా తెలుసు. అందుకే ఐసోఫ్లూరేన్ మత్తు ఇచ్చి, నొప్పి మందులు వాడి చేస్తారు. మన దేశంలో ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా ఇలాంటి ప్రయోగం మొదలుపెట్టకూడదు.

మీ రెండో ప్రశ్న ఉంది చూశారా, దాని మీద శాస్త్రవేత్తలే కొట్టుకున్నారమ్మా. నాడీకణం కొమ్మల మీద బుడిపెలుంటాయి, స్పైన్లు అంటారు, కణానికీ కణానికీ లింకు చాలావరకు అక్కడే. ఎదిగిన ఎలుకలో అవి నిలకడగా ఉంటాయా, పుట్టి పోతుంటాయా? 2002లో ఒకే పత్రికలో రెండు బృందాలు రాశాయి. ఒకరు నెల తర్వాత చూసినా 96 శాతం ఉన్నాయన్నారు, రెండోవాళ్లు నెల నిలిచేవి సగమే అన్నారు. మొదటివాళ్లు పుర్రెను తెరవలేదు, మైక్రాన్ల మందం మిగిలేదాకా అరగదీసి పైనుంచే చూశారు. రెండోవాళ్లు ఎముక తీసేసి గాజు పెట్టారు. చూసిన మెదడు భాగాలూ వేరే. 2007లో ఈ రెండు కిటికీలనే పక్కపక్కన పెట్టి పోల్చితే, ఎముక తీసిన చోట కాపలా కణాలు రెచ్చిపోయి స్పైన్లు ఎక్కువగా మారుతున్నాయని తేలింది. ఆపరేషన్ తర్వాత వారాలు ఆగి చూస్తే ఇబ్బంది తగ్గుతుందని గాజు పెట్టేవాళ్ల వాదన. ఇప్పటికీ ఎక్కువమంది గాజే పెడుతున్నారు, నెలల తరబడి అదే కణాన్ని మళ్లీ మళ్లీ చూడొచ్చు కాబట్టి. నేనైతే ఇలాంటి పేపరు చేతికొస్తే ముందు బొమ్మలు చూడను, కిటికీ ఏ రకం, పెట్టిన ఎన్నాళ్లకు చూశారు, ఎలుక మత్తులో ఉందా మేలుకుని ఉందా అని వెతుకుతాను.

ప్రశ్న: మా అమ్మకి ఈమధ్య మతిమరుపు ఎక్కువైంది, చాలా టెన్షన్‌గా ఉంది. ఈ లేజర్ పరీక్ష మనుషులకి ఎక్కడైనా చేస్తారా?
– ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: చెయ్యరండీ. పుర్రె తియ్యాలి, ఆ మెరిసే ప్రొటీన్ తయారవ్వడానికి బయటి జన్యువు ఎక్కించాలి, అంతా చేసినా జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్ మనిషిలో చాలా లోతున ఉంటుంది, ఈ వెలుతురు అక్కడికి చేరదు. అలా చేస్తామని ఎవరైనా డబ్బు అడిగితే నమ్మకండి. అమ్మగారిని న్యూరాలజిస్టుకి చూపించండి. బీ12, థైరాయిడ్ పరీక్షలు రాయమని అడగండి, ఆ రెండిటి వల్ల వచ్చే మతిమరుపు మందులతో తగ్గే అవకాశం ఉంది. నిద్రకీ అలర్జీకీ వాడే మాత్రలు ఏవైనా ఉంటే స్ట్రిప్పులతో సహా పట్టుకెళ్లండి.