లిస్టులో తొమ్మిది ఉన్నాయి, ముందు ఏది పట్టుకోవాలి?

ప్రశ్న: అక్కయ్య గారూ నమస్తే. నాకు 46 ఏళ్లు, గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తాగా చేస్తున్నా. ప్రతి డిసెంబర్ 31 రాత్రి కొత్త డైరీ మొదటి పేజీలో ఈ ఏడాది చెయ్యాల్సినవి రాసుకుంటా, ఈసారి తొమ్మిది తేలాయి. పొద్దున వాకింగు, షుగర్ రాకుండా చూసుకోవడం (పోయిన మార్చిలో పరగడుపున 118 వచ్చింది), స్పోకెన్ ఇంగ్లీషు, షేర్ మార్కెట్, ఉన్న అప్పు తీర్చడం, పాప ఇంజినీరింగుకి డబ్బు కూడబెట్టడం, ఫోన్ తగ్గించడం, ఇంటికి రంగులు, ఆఖర్న నాన్న దగ్గర పద్యాలు నేర్చుకోవడం. నాన్నకి 78. వయసులో ఉండగా తెనాలి, బాపట్ల చుట్టుపక్కల ఊళ్లలో పౌరాణిక నాటకాలు వేసేవాడు, కృష్ణుడి వేషం. పాత డైరీలు తీసి చూస్తే ఈ పద్యాల సంగతి ఆరేళ్లుగా ప్రతిదాంట్లో ఉంది, ప్రతిసారీ ఆఖర్నే. 21 రోజులు వరసగా చేస్తే ఏదైనా అలవాటైపోద్దంటారు, నాకైతే పండగ దాటేసరికి ఒక్కటీ మిగలదు. సంక్రాంతి తర్వాత సరుకు పెరిగిపోయి ఇంటికొచ్చేసరికి రాత్రి తొమ్మిదిన్నర. ముందు ఏది పట్టుకోమంటారు?

– పేరు వెయ్యొద్దన్నారు, కొరిటెపాడు, గుంటూరు

జవాబు: తమ్ముడూ, తొమ్మిదిట్లో ఏది ముఖ్యం అని చూస్తే తొమ్మిదీ ముఖ్యమే అనిపిస్తాయి, ఎందుకంటే మీరు రాసినవాటిల్లో పనికిమాలింది ఒక్కటీ లేదు. అందుకే నేను ఇంకోలా అడుగుతా. వచ్చే ఏడాది దాకా ఆగేవి ఏవి, ఆగనివి ఏవి? షేర్ మార్కెట్ ఎక్కడికీ పోదు, ఇంగ్లీషు 50 ఏళ్లకైనా వస్తుంది, గోడలు ఇంకో వానాకాలం తడిసినా కొంప మునగదు. అప్పు వాయిదా, పాప చదువు డబ్బు, ఈ రెండిటికీ మీ పట్టుదలతో పనిలేదు, జీతం పడ్డ రోజే వాయిదాకి ఇంత, ఆర్‌డీకి ఇంత పక్కకి పోయేట్టు బ్యాంకులో ఒక్కసారి రాసిచ్చేస్తే మళ్లీ తల్చుకోనక్కర్లేదు, డైరీలోంచి కొట్టేయండి. ఇక మిగిలినవి మీ ఒళ్లు, మీ నాన్నగారి గొంతు. ఆ రెండూ ఎవరి కోసం ఆగవు.

ఒంటి సంగతి ముందు చెప్పేస్తా. పరగడుపున 100 నుంచి 125 మధ్య వస్తే ప్రీ డయాబెటిస్ అంటారు, 126 గానీ ఆపైన గానీ వచ్చి రెండోసారి చూసినా అలాగే ఉంటే షుగర్ అని తేలుస్తారు. అంటే మీరు ఇంకా గట్టు మీదే ఉన్నారు, వెనక్కి రావొచ్చు. మార్చి తర్వాత మళ్లీ చూపించుకున్నట్టు రాయలేదు మీరు, ఈ వారమే డాక్టర్ దగ్గరికి వెళ్లండి, హెచ్‌బీఏ1సీ అనే రక్తపరీక్ష కూడా చేయించుకుంటే రెండుమూడు నెలల సగటు తెలుస్తుంది. ఇక ఆ 21 రోజుల మాట, అది 1960లో ఒక ప్లాస్టిక్ సర్జన్ తన పేషెంట్లు కొత్త మొహానికి అలవాటు పడటానికి కనీసం అన్ని రోజులు పడుతుందని రాసింది, అది ఆ నోటా ఈ నోటా పడి ప్రతి అలవాటుకీ రూలైపోయింది. లండన్‌లో ఒక యూనివర్సిటీ వాళ్లు 96 మందిని పెట్టి చూస్తే అలవాటు కుదురుకోడానికి మధ్యస్థంగా 66 రోజులు అని తేలింది, మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా కూడా. మధ్యలో ఒకరోజు తప్పినా పెద్ద నష్టం లేదని కూడా వాళ్లే చెప్పారు. కాబట్టి పండగకే ఆగిపోయిందంటే మీలో లోపం ఉందని కాదు, ఇంకా కుదురుకునే టైమే రాలేదు. పాలకి చెప్పులేసుకున్నారంటే అటునుంచి అటే ఎన్టీఆర్ స్టేడియంలో ఓ అరగంట నడిచాకే ఇంటికి రావాలి, అంత వరకు చాలు.

ఇక అసలు సంగతి. మా అమ్మ మంగళహారతులు పాడేది, పుస్తకాల్లో ఉండేవి కావు, వాళ్ల అమ్మ దగ్గర నేర్చుకున్నవి. విజయవాడ సత్యనారాయణపురంలో మా పాత ఇంట్లో శుక్రవారం సాయంత్రం కర్పూరం వెలిగించి పళ్లెం తిప్పుతూ పాడుతుంటే నేను వంటింట్లో కుక్కర్ చూసుకుంటూ వినేదాన్ని. అవన్నీ రాసుకోవాలని మూడేళ్లు అనుకున్నా. నాలుగో ఏడు ఆవిడకి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. తర్వాత రెండేళ్లు బతికింది, నేను పక్కన కూర్చుని పల్లవి పాడితే పెదాలు కదిపేది కానీ రెండో చరణం దగ్గర నేను ఆగిపోయేదాన్ని, నాకు రాదు కాబట్టి, ఆవిడ నా మొహంలోకి చూసేది, కళ్లల్లో నీళ్లు. ఆ చరణం కోసం పిన్నిలందర్నీ అడిగా, ఎవరికీ గుర్తులేదు. ఇప్పటికీ సగం హారతే ఇస్తున్నా మా ఇంట్లో.

అందుకే మీ లిస్టులో తొమ్మిదోదాన్ని పైకి లాగండి అని అంత గట్టిగా చెప్తున్నా. ఆడవేషాలకి పేరుమోసిన నాటకాల నటుడు స్థానం నరసింహారావు గారిది బాపట్ల, ఆయనకి 1956లోనే పద్మశ్రీ వచ్చింది, ఆ ఊళ్ల చుట్టూ పద్యం విని వన్స్ మోర్ అని అరిచిన జనం ముందు పాడిన మనిషి మీ ఇంట్లో పడక్కుర్చీలో కూర్చుని ఉన్నారు.

రోజూ నేర్చుకుంటానని మాత్రం పెట్టుకోకండి, సీజన్లో టిక్కీలు, అదే మిర్చి బస్తాలు, దిగుతుంటే కాటాలు, పట్టీలు తెమిలేసరికి మీకు కూర్చునే ఓపిక ఉండదు. యార్డుకి సెలవున్న రోజు పొద్దున కాఫీ అయ్యాక ముప్పావుగంట, వారానికి ఒక్క పద్యం. ఫోన్‌లో రికార్డింగ్ నొక్కి బోర్లా పెట్టేయండి, మొహం మీద పట్టుకుంటే పెద్దాళ్లు బిగుసుకుపోతారు, ఫోన్ తగ్గించడం కూడా అప్పటికి అయినట్టే. పద్యం మీ చేత్తో రాసి ఆయనకి చదివి వినిపించండి, ఎక్కడ విరవాలో, రాగం ఎక్కడ తియ్యాలో, ఎక్కడ ఊపిరి దాచుకోవాలో ఆయనే ఆపి చెప్తారు. గొంతు పోయిందిరా అంటారు, అనకుండా ఉండరు. పాడక్కర్లేదు నాన్నా, చెప్పు చాలు అనండి, రెండు శ్రుతులు దించి పాడినా అది ఆయన పద్యమే. పక్కన పాపని కూడా కూర్చోబెట్టండి, తను అడిగే ప్రశ్నలు మీకు తట్టవు. మే నెలలో యార్డుకి వేసవి సెలవులు ఇస్తారు కదా, అప్పుడు రోజూ కూర్చోవచ్చు, విజయవాడ తుమ్మలపల్లి కళాక్షేత్రంలో పౌరాణిక నాటకం ఎప్పుడన్నా ఉంటే ఆయన్ని తీసుకురండి, ముందు వరసలో కూర్చోబెట్టండి.

పాతకాలం నాటకాల వాళ్లిళ్లల్లో హార్మోనియం ఒకటి ఉంటుంది, మీ ఇంట్లోనూ అటక మీద ఉండే ఉంటుంది. ఉంటే తిత్తి చిరిగి, రెండు మూడు మెట్లు పలక్కుండా ఉంటుంది. దాన్ని ఎవరు బాగుచేస్తారో నన్ను అడక్కండి, ఈ రాత్రి అన్నం తినేటప్పుడు మీ నాన్నగారినే అడగండి.