మాజీ సైనికుల ప్రశ్నలు: మొదటి ఉద్యోగంలో చేరితే కోటా పోతుందా?

ప్రశ్న: సైన్యంలో 17 ఏళ్లు పనిచేసి వచ్చే నెలలో పెన్షన్‌తో డిశ్చార్జి అవుతున్నాను. నా వయసు 36. రెండు మంచి కేంద్ర ఉద్యోగాలకు దరఖాస్తు చేశాను. ఈలోగా చిన్న ఉద్యోగమేదైనా వచ్చి చేరితే మాజీ సైనికుల కోటా పోతుందని మా ఊళ్లో అంటున్నారు. నిజమేనా? వయసు అడ్డం వస్తుందా?
– ఒక పాఠకుడు, మాధవరం, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: ఊళ్లో మాట సగమే నిజం. మాజీ సైనికుల కోటాలో ఒకసారి ప్రభుత్వ ఉద్యోగంలో చేరినవారికి ఆ తరువాతి ఉద్యోగాలకు రిజర్వేషన్ వర్తించదు. అయితే చేరకముందే వేరే ఖాళీలకు దరఖాస్తు చేసి ఉంటే, వాటి వరకు ఆ హక్కు నిలుస్తుందని కేంద్ర సిబ్బంది, శిక్షణ శాఖ 2014 ఆగస్టు 14న ఇచ్చిన ఉత్తర్వులో స్పష్టం చేసింది. షరతు ఒక్కటే: చేరిన వెంటనే, అంతకుముందు ఏయే ఖాళీలకు ఏ తేదీల్లో దరఖాస్తు చేశారో వివరంగా రాసి, సంతకం చేసి ఆ కార్యాలయానికి ఇవ్వాలి. నకలు మీద అందినట్టు ముద్ర వేయించుకుని, దరఖాస్తుల ప్రింట్లతో కలిపి భద్రపరచుకోండి. ఇన్నేళ్లు సరిహద్దుల్లో నిలబడిన మనిషి ఈ ఒక్క కాగితం లేక మంచి ఉద్యోగం వదులుకోవలసి వస్తే అంతకన్నా బాధ లేదు; అందుకే ఇంతగా చెబుతున్నాను.

ప్రైవేటు కంపెనీలోనో, ఎప్పుడైనా తీసేయగల కాంట్రాక్టు, తాత్కాలిక పద్ధతిలోనో చేరితే ఈ చిక్కే లేదు, కోటా అలాగే ఉంటుంది.

వయసు గురించి దిగులు వద్దు. గ్రూప్ సి (గుమస్తా స్థాయి) ఉద్యోగాలకు మీ అసలు వయసులోంచి సర్వీసు తీసివేసి చూస్తారు. మిగిలింది గరిష్ఠ పరిమితిని మూడేళ్లకు మించి దాటకూడదు. మీ లెక్కలో 36లో 17 పోతే 19 ఏళ్లే. కేంద్ర ప్రభుత్వ గ్రూప్ సి ఖాళీల్లో 10 శాతం, ప్రభుత్వ రంగ బ్యాంకుల క్లర్కు పోస్టుల్లో 14.5 శాతం మాజీ సైనికులకు కేటాయించినవి. ఉద్యోగం వచ్చినా మీ పెన్షన్ ఆగదు.

ఇంటికి రాగానే డిశ్చార్జి పుస్తకం, పెన్షన్ ఉత్తర్వు పట్టుకుని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో పేరు నమోదు చేయించుకోండి. గుర్తింపు కార్డు, పిల్లల స్కాలర్‌షిప్ దరఖాస్తులు అక్కడి నుంచే సాగుతాయి. పెన్షన్ ఉత్తర్వులో మీ భార్య పేరు, పుట్టినతేదీ ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయో లేదో అక్షరం అక్షరం సరిచూసి, తప్పుంటే ఇప్పుడే మీ రికార్డు ఆఫీసుకు రాయండి. రేపు కుటుంబ పెన్షన్ కోసం ఆవిడ ఒంటరిగా దాన్ని దిద్దించుకోవడం చాలా కష్టం.