పడమటి గదికి సిమెంటు పుయ్యకు

చి. బుజ్జికి,
అత్తయ్య ఆశీర్వదించి రాయునది.

నడిమధ్య ఆకాశం కనిపించే మన మండువా ఇంట్లో హోమ్‌స్టే పెడుతున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. రాత్రి నిద్ర పట్టలేదు, సగం సంతోషం, సగం టెన్షన్. కోనసీమలో లోగిళ్లు పడగొట్టి టేకు స్తంభాలు అమ్ముకుంటున్న రోజుల్లో నువ్వు ఇల్లు నిలబెడతానంటున్నావు.

పరుపులు, దుప్పట్లు, గీజర్ల సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. కేంద్ర పర్యాటక శాఖ లెక్కలో హోమ్‌స్టే అంటే 6 గదులు, 12 పడకలు దాటకూడదు, అత్యాశకి పోకు. విదేశీయులు దిగితే 24 గంటల్లోగా వాళ్ల వివరాలు అధికారులకి పంపు. వైరింగు మొత్తం మార్పించు. దూలాల మీద పాకిన ఆ పాత తీగలకి ఏసీలు తగిలిస్తే ఊరుకోను.

ఇక పడమటి గది.

1996 నవంబరు 6 తుపానుకి పెంకులు లేచిపోయి ఆ గది గోడలు పెచ్చులూడాయి. మరుసటి వేసవిలోనే మీ నాన్న పెళ్లి. ఆడపెళ్లివారికి ఆ గదే విడిది. సున్నం నానబెట్టి, గానుగ ఆడించి, పూసి, ఆరనివ్వాలంటే చాలా రోజులు పడుతుందన్నాడు ముసలి మేస్త్రి. రాజమండ్రి కాపురం, కొత్త డాబాలు చూసిన గర్వం నాది. సిమెంటు కొట్టి ఎనామిల్ పెయింటు వేసెయ్యమన్నాను. "గోడ తాగిన నీళ్లు గోడే కక్కెయ్యాలండమ్మా. దాని నోరు కట్టేస్తే ఎలాగండి?" అన్నాడు. చాదస్తం అనుకున్నాను.

పెళ్లికి గది అద్దంలా మెరిసింది. మీ అమ్మమ్మ మెచ్చుకుంటే పొంగిపోయాను కూడా. కానీ మనది కాస్త తవ్వితే నీళ్లు పడే నేల. పునాదిలోంచి చెమ్మ ఎక్కుతూనే ఉంటుంది. సున్నపు గోడైతే ఎప్పటికప్పుడు ఆరిపోతుంది. దారి మూసేసరికి అది ఇంకా పైకి పాకింది. రెండో శ్రావణానికి పెయింటు బొబ్బలెక్కింది, భోషాణంలో పట్టుచీరలు బూజు పట్టాయి. సిమెంటు చెక్కిస్తే ఇటుక పై పొర కూడా ఊడొచ్చింది.

ఆ గది అమ్మది. ఉబ్బసం మనిషి. "ఇక్కడ గాలి బాగుంటుందే" అంటూ నులక మంచం మండువా పక్కకి లాగించుకుంది. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

చెమ్మ వాసన కప్పడానికి అగరొత్తులు వెలిగించే గదుల్లో నేనూ దిగాను. నువ్వూ అదే పని చేశావంటే అక్కడికొచ్చి మరీ తిడతాను. బాత్రూములు ఆ గోడకి ఆనించి కట్టకు, పెరటివైపు విడిగా కట్టించు. ఏసీ చల్లదనం పోతుందని మండువా మీద ఫైబర్ షీటు వెయ్యమంటారు, వినకు. వాన ఇంట్లో పడుతుంటే చూడ్డానికే కదా మనుషులొచ్చేది! తూము మాత్రం తొలకరికి ముందే పూడిక తీయించు. చిన్నప్పుడు మీ నాన్న దాంట్లో తువ్వాలు కుక్కి మండువాని చెరువు చేశాడు. అమ్మ పెట్టిన తొడపాశానికి వాడి ఏడుపు వీధి చివరిదాకా వినిపించింది. ఇప్పుడేమో పెద్దమనిషిలా నీకు ఎస్టిమేట్లు వేస్తున్నాడు.

నా మందుల డబ్బుల్లోంచి కొంత పంపుతున్నాను, మీ నాన్నకి చెప్పకు. గానుగ సున్నానికే వాడు.

ఆషాఢంలో వస్తాను. ఆ గోడకి నేను చెయ్యి ఆనించి చూసేదాకా పడమటి గదిలో ఎవరినీ పడుకోబెట్టకు.

అత్తయ్య