వానకు పొంగే ఎస్టీపీ: ముందు ప్లాంటా, లైన్లా?

మీ చిన్న ఊళ్లో పాత ఎస్టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) వాన పడ్డప్పుడల్లా పొంగుతోందని, రెట్టింపు కెపాసిటీతో కొత్తది కట్టమని కన్సల్టెంట్ అంటున్నారని, డబ్బు ముందు ఎక్కడ పెట్టాలని అడిగారు. అలాంటి ప్లాంటులోనే ఏళ్ల తరబడి ఆపరేటర్‌గా చేశాను కాబట్టి సూటిగా చెబుతాను. మురుగు లైన్లలోకి ఏ నీళ్లు వస్తున్నాయో తేలకుండా ప్లాంటు సైజు ఖరారు చేయకండి.

వానల్లేని రోజుల్లో రాత్రి 2 నుంచి 4 మధ్య, మురుగు ప్లాంటులోకి వచ్చే ఇన్‌లెట్ దగ్గర ఫ్లో కొలవండి. అందరూ నిద్రపోయే ఆ వేళ నీటి వాడకం బాగా తక్కువ. అయినా ఫ్లో తగ్గకపోతే, వచ్చేదాంట్లో ఎక్కువ భాగం పగుళ్లలోంచి, జాయింట్లలోంచి దిగుతున్న భూగర్భ జలమే. మా దగ్గర అలాగే మ్యాన్‌హోల్ మూతలు ఒక్కొక్కటీ తీసుకుంటూ ఎగువకు వెళ్లాం. వాగు పక్కన లైన్‌లో టార్చి వేస్తే పైపు అడుగు కనిపించేంత తేట నీళ్లు! పై నుంచే చూడండి, ఎవరినీ లోపలికి దించొద్దు. మురుగులోంచి వచ్చే విషవాయువు హైడ్రోజన్ సల్ఫైడ్ 100 పీపీఎం దాటితే ముక్కు వాసన పట్టడం మానేస్తుంది, మనిషి వాసన పోయిందనుకుంటాడు. ప్రాణాలు పోయేది అక్కడే.

వాననీటి సంగతి వేరే. డాబా మీది నీటి గొట్టాలు, పెరటి కాల్వలు మురుగు లైన్‌కి కలిపేసి ఉంటాయి. పల్లంలో ఉన్న మ్యాన్‌హోల్ మూతల్లోంచి కూడా వాన నీళ్లు దిగుతాయి. వీటిని పట్టుకోవడానికి స్మోక్ టెస్ట్‌ని మించింది లేదు. హాని లేని పొగని బ్లోయర్‌తో లైన్‌లోకి ఊదితే, దొంగ కనెక్షన్ ఉన్న డాబా గొట్టంలోంచి అది పైకి లేస్తుంది. ముందు రోజే వీధిలో చెప్పి ఉంచండి, లేకపోతే మంటలంటుకున్నాయని జనం టెన్షన్ పడతారు.

పొంగడం కంటికి కనిపించే నష్టం. అంతకంటే పెద్ద నష్టం ట్యాంకులో జరుగుతుంది. మురుగుని తినేది ఎయిరేషన్ ట్యాంకులో (గాలి ఊదే ట్యాంకు) బురదలా ఉండే సూక్ష్మజీవులు. వరదలా నీళ్లొస్తే ఆ బురద క్లారిఫయర్‌లో (బురద అడుగుకి దిగే ట్యాంకు) కూర్చునే లోపే అంచు దాటి కొట్టుకుపోతుంది. మామూలు రోజు ఎయిరేషన్ ట్యాంకు నీళ్లు లీటరు సిలిండర్‌లో పోసి 30 నిమిషాలు ఉంచితే గోధుమరంగు బురద అడుగుకి చేరి, పైన తేట నీళ్లు నిలుస్తాయి. గట్టి వాన తర్వాత అదే సిలిండర్‌లో అడుగున పలచటి పొర మాత్రమే మిగిలేది. అది మళ్లీ పెరగడానికి రోజులు కాదు, కొన్నిసార్లు వారాలు పడుతుంది. ప్లాంటు రెట్టింపు చేస్తే ఇది కొంత తగ్గవచ్చు గానీ, మిగతా ఏడాదంతా సగం ఖాళీ ట్యాంకులకు గాలి ఊదుతూ కూర్చోవాలి. ఇలాంటి ప్లాంటులో కరెంటు ఖర్చు దాదాపు సగం ఎయిరేషన్‌దే.

అందుకే ఒక వానాకాలం ఫ్లో మీటర్లు పెట్టి, లైన్లలో కెమెరా తిప్పి, బాగా చెడిపోయిన భాగాలు ముందు బాగు చేయించండి. పైపు ఆకారం నిలిచి ఉంటే తవ్వకుండా లోపలే లైనింగ్ (కొత్త పొర) వేయవచ్చు. కుంగిన చోట మాత్రం తవ్వాల్సిందే. లైనింగ్ పాత పైపు వంపునే పట్టుకుంటుంది, వాలు సరిచేయదు. మురుగు సెకనుకి కనీసం 0.6 మీటర్ల వేగంతో పారకపోతే ఇసుక అడుగున పేరుకుంటుంది.

అలాగని ప్లాంటుని ముట్టుకోవద్దనడం లేదు. చెత్త ఆపే స్క్రీన్, ఇసుక పట్టే గ్రిట్ ఛాంబర్, స్టాండ్‌బై బ్లోయర్ (గాలి ఊదే అదనపు మిషన్), బురద ఆరబెట్టే ఏర్పాటు ఇప్పుడే చేయాల్సినవి. బురద తీసే దారి లేకపోతే అది ట్యాంకుల్లోనే పేరుకుని శుద్ధి చేసిన నీళ్లతో బయటికి పోతుంది. నైట్రోజన్ కూడా తగ్గించాలని కొత్త నిబంధన వచ్చి ఉంటే మాత్రం ట్యాంకు సైజు నిజంగానే పెంచాల్సి రావచ్చు. ఆ పని చేసే బ్యాక్టీరియా నెమ్మదిగా పెరుగుతుంది.

ఎండరోజుల ఫ్లో, వానరోజుల ఫ్లో విడివిడిగా చూపించమని కన్సల్టెంట్‌ని అడగండి. రోడ్డు కింది లైన్‌తో పాటు ఇళ్ల నుంచి వచ్చే కనెక్షన్ పైపులకూ బడ్జెట్‌లో చోటు పెట్టించండి. అవి ఇంటివాళ్లవని వదిలేస్తే లీకుల్లో పెద్ద వాటా అలాగే ఉండిపోతుంది.