సోలార్ సీసీ కెమెరా: కొనే ముందు గేటును, ఎండను లెక్క చూసుకోండి

ఈ వారం హనుమకొండ, నర్సంపేట, గోదావరిఖని తదితర ప్రాంతాల నుంచి వచ్చిన ప్రశ్నలు ఎక్కువగా సోలార్ సీసీ కెమెరాల గురించే ఉన్నందున, శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మా ఇల్లు హనుమకొండలో ఉంది. గేటు దగ్గర కరెంటు పాయింట్ లేదు. గోడ కొట్టి వైరు లాగడం ఇష్టం లేక సోలార్ కెమెరా పెట్టించాలనుకుంటున్నాం. మేడారం జాతరకు, పండుగలకు ఇంటికి తాళం వేసి వెళ్తుంటాం. బ్యాటరీ, ప్యానెల్ ఎంత ఉన్నది కొనాలి?

జవాబు: సోలార్ కెమెరా నడిచేది బ్యాటరీ మీదే. ప్యానెల్ చేసే పని ఆ బ్యాటరీని నింపడం వరకే. అందుకే ఈ కెమెరా బ్యాటరీని కాపాడుకోవడానికి రోజులో ఎక్కువ సేపు నిద్రలో ఉంటుంది. ఎదుట కదలిక తగిలినప్పుడు లేచి, 10 నుంచి 20 సెకన్ల వీడియో తీసి, మళ్లీ నిద్రలోకి వెళ్తుంది. డీవీఆర్‌తో (వీడియోను నిల్వ చేసే పెట్టెతో) పనిచేసే వైరు కెమెరాల్లో 24 గంటల రికార్డింగు చూసి అలవాటు పడినవారు ఇక్కడా అదే ఆశించి, నాలుగు రోజుల్లోనే కెమెరా పాడైందని దుకాణానికి తిరిగి వస్తున్నారు. కాబట్టి కొనే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న బ్యాటరీ ఎంత అన్నది కాదు, మీ గేటు ముందు రోజుకు ఎన్నిసార్లు కదలిక ఉంటుంది అన్నది. ఒక ఆదివారం, ఒక పనిరోజు వాకిట్లో కూర్చుని గంటకు ఎందరు మనుషులు, ఎన్ని బండ్లు, ఎన్ని కుక్కలు వెళ్తున్నాయో గమనించండి. ఇంటి లోపలి వాకిలి అయితే రోజుకు ముప్ఫై నలభై కదలికలకు మించకపోవచ్చు. కాలనీ రోడ్డు కనిపించేలా పెడితే అవి వందల్లోకి వెళ్తాయి.

ఇప్పుడు లెక్క చూద్దాం. పెట్టె మీద 10,000 ఎంఏహెచ్ (బ్యాటరీ సామర్థ్యపు కొలత) అని ఉన్న బ్యాటరీలో, ఆ అంకె నిజమే అయితే, 3.7 వోల్టుల చొప్పున దాదాపు 37 వాట్‌అవర్ల శక్తి ఉంటుంది (ఒక వాట్‌అవర్ అంటే ఒక వాటు చొప్పున గంటసేపు వాడే కరెంటు). మెలకువగా ఉన్నప్పుడు కెమెరా 2 వాట్లు తీసుకుంటుందని అనుకుందాం. 20 సెకన్ల వీడియో ఒకదానికి ఖర్చయ్యేది చాలా స్వల్పం, 300 వీడియోలకు 3.3 వాట్‌అవర్లు. కానీ మీరు ఊళ్లో కూర్చుని ఫోనులో ఒక గంట లైవ్ చూస్తే 2 వాట్‌అవర్లు పోతాయి, అంటే 180 వీడియోలు తీసినంత ఖర్చు. తాళం వేసి వెళ్లినవారికి మనసు ఆగక పదే పదే లైవ్ తెరిచి చూడటం సహజమే, కానీ బ్యాటరీని అన్నిటికన్నా త్వరగా ఖాళీ చేసేది ఆ అలవాటే. నిద్రలో ఉన్నప్పుడు వైఫైని పట్టుకుని ఉండటానికయ్యే కొద్దిపాటి ఖర్చు కూడా కలిపితే, రద్దీ ఉన్న గేటు దగ్గర రోజుకు సుమారు 6 వాట్‌అవర్లు కావాలి.

రాబడి సంగతి చూస్తే, 3 వాట్ల ప్యానెల్ మన ప్రాంతపు మంచి ఎండలో, నష్టాలు పోను, రోజుకు 8 వాట్‌అవర్ల దాకా ఇస్తుంది. వేసవిలో, చలికాలంలో ఇది చాలు. చిక్కంతా జులై, ఆగస్టు నెలల్లో ముసురు పట్టినప్పుడే వస్తుంది. దట్టమైన మబ్బులో ప్యానెల్ రాబడి అయిదో వంతుకో, పదో వంతుకో పడిపోతుంది. 2023 జులై చివరి వారంలో వరంగల్, ములుగు, భూపాలపల్లి జిల్లాల మీద కురిసిన వానలు గుర్తున్నవారికి, ఎండ మొహం చూడకుండా వారం గడవడం ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. 10,000 ఎంఏహెచ్ బ్యాటరీ అలాంటి వారాన్ని కష్టం మీద దాటిస్తుంది. 5,000 ఎంఏహెచ్ బ్యాటరీ మూడు నాలుగు రోజుల్లో చేతులెత్తేస్తుంది. రోడ్డు కనిపించే గేటుకు 10,000 ఎంఏహెచ్‌కు తగ్గకుండా బ్యాటరీ, 5 లేదా 6 వాట్ల ప్యానెల్ తీసుకోమనే నా సలహా. వీలైతే యాప్‌లో రోడ్డు భాగాన్ని మినహాయించి, గేటు లోపలి భాగంలో కదలికకే లేచేలా హద్దు గీసుకోండి. ఈ సౌకర్యం లేని కెమెరాను నేను కొనమనను.

ప్యానెల్ కెమెరా తలకే అతికి ఉన్న మోడళ్లు చూడటానికి ముచ్చటగా ఉంటాయి, బిగించడమూ తేలికే. అయినా మన ఎండలకు అవి సరిపోవని నా అభిప్రాయం. లిథియం బ్యాటరీని 45 డిగ్రీల వేడికి పైన చార్జింగ్ చేయకూడదు. చాలా కెమెరాలు ఆ వేడిలో చార్జింగును తామే ఆపేస్తాయి. మే నెలలో గాలి వేడే 44, 45 డిగ్రీలకు చేరే రామగుండం, ఆదిలాబాద్ ప్రాంతాల్లో, పడమటి గోడ మీద ఎండకు నిలిచిన నల్లటి కెమెరా లోపల ఎంత వేడి ఉంటుందో ఊహించుకోవచ్చు. ప్యానెల్‌కు ఎండ కావాలి, బ్యాటరీకి నీడ కావాలి. ఈ రెండూ ఒకే ముద్దగా ఉన్నప్పుడు రెంటికీ న్యాయం జరగదు. 3 మీటర్ల వైరుతో ప్యానెల్ విడిగా వచ్చే మోడల్ తీసుకుని, కెమెరాను సజ్జా కింద, ప్యానెల్‌ను పిట్టగోడ మీద బిగించండి.

ప్యానెల్ దక్షిణం వైపు చూడాలి. వరంగల్ 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి వాలు 15 నుంచి 20 డిగ్రీలు ఉంటే చాలు, ఆ వాలుకు వాన నీటితో దుమ్ము కూడా జారిపోతుంది. గోడకు నిలువుగా వేలాడదీస్తే, సూర్యుడు నడినెత్తిన ఉండే నెలల్లో ప్యానెల్‌కు ఎండ తగలదు. బిగించే చోట ఇప్పుడు నీడ లేదని తృప్తి పడకండి. డిసెంబరులో సూర్యుడు దక్షిణానికి వాలుతాడు, అప్పుడు మధ్యాహ్నం కూడా 20 అడుగుల గోడ నీడ దాదాపు 18 అడుగుల దూరం పడుతుంది. ప్యానెల్‌లో ఒక మూల నీడ పడినా రాబడి ఆ మూల మేరకే తగ్గదు. లోపలి గడులు వరుసగా కలిపి ఉంటాయి కాబట్టి మొత్తం రాబడి పడిపోతుంది. టీవీ కేబుల్, పూలకుండీ, కొబ్బరి మట్ట ఏదీ అడ్డు రాకుండా చూసుకోండి.

మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. వాన నేరుగా తగిలే చోటికి దుమ్మును, నీటిని ఎంత ఆపుతుందో చెప్పే ఐపీ గుర్తు ఐపీ65 లేదా అంతకన్నా పైది ఉండాలి. ఈ కెమెరాల్లో చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకే కలుస్తాయి, అందువల్ల గేటు దగ్గర ఆ సిగ్నల్ అందుతోందో లేదో ముందే ఫోనుతో పరీక్షించాలి. కరెంటు పోయినప్పుడు రౌటర్ ఆగిపోతే కెమెరా పనిచేస్తున్నా మీ ఫోనుకు కబురు రాదు, కాబట్టి రౌటర్‌ను ఇన్వర్టర్‌కు కలపండి. కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ ఉత్తర్వు ప్రకారం 2025 ఏప్రిల్ నుంచి సీసీ కెమెరాలకు సైబర్ భద్రత పరీక్ష తప్పనిసరి అయింది. పెట్టె మీది బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకున్నాకే డబ్బు చెల్లించండి. ఇంకొక మాట కూడా చెప్పాలి. మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉండి, పైపులో వైరు లాగే దారి ఉంటే, తాళం వేసిన ఇంటికి వైరు కెమెరాయే మేలు. అది నిద్రపోదు.

ప్రశ్న: నర్సంపేట దగ్గర మాకు నాలుగెకరాల మిర్చి ఉంది. బోరు స్టార్టర్, వైర్లు పోతాయని భయం. ఫిబ్రవరిలో కల్లంలో మిర్చి ఆరబోసినప్పుడు రాత్రిళ్లు కాపలా పడుకుంటున్నాం. సిమ్ వేసే సోలార్ కెమెరా పనికొస్తుందా?

జవాబు: పనికొస్తుంది. మీరు చెప్పిన నెలల్లో అయితే ఇంకా బాగా పనికొస్తుంది. మిర్చి కల్లానికి వచ్చే కాలంలో ఆకాశం నిర్మలంగా ఉంటుంది, వేడి ఇంకా ముదరదు, ప్యానెల్ నిండుగా పనిచేస్తుంది. చూసుకోవాల్సింది సిగ్నల్. జియోకు 2జీ, 3జీ లేవు కాబట్టి 4జీ కెమెరా తప్పనిసరి. అందులోనూ జియో వాడే 3, 5, 40 బ్యాండ్లు (సిగ్నల్ తరంగాల శ్రేణులు) ఆ మోడల్‌లో ఉన్నాయో లేదో వివరాల్లో చూడాలి, విదేశాల కోసం చేసిన కొన్ని మోడళ్లలో ఇవన్నీ ఉండవు. కెమెరా కొనకముందే, ఏ కంపెనీ సిమ్ వేయాలనుకుంటున్నారో ఆ సిమ్ ఉన్న ఫోనును 4జీకి పరిమితం చేసి, కల్లం దగ్గర నిలబడి వీడియో కాల్ చేసి చూడండి. సిగ్నల్ బలహీనంగా ఉన్న చోట కెమెరా మరింత శక్తితో ప్రసారం చేయాల్సి వస్తుంది, దాంతో బ్యాటరీ త్వరగా దిగిపోతుంది. డేటా ఖర్చుకు భయపడనక్కర్లేదు. 1 ఎంబీపీఎస్ నాణ్యతతో 20 సెకన్ల వీడియో 2.5 ఎంబీ తీసుకుంటుంది, అదే లైవ్ అయితే గంటకు 450 ఎంబీ. సిమ్ మీ పేరు మీదే తీసుకోండి, రీచార్జి గడువు తేదీని ఫోనులో గుర్తు పెట్టుకోండి. పంట ఇంటికి చేరాక మరచిపోయిన రీచార్జితో కెమెరాలు మూగబోవడం పొలాల్లో సాధారణం.

కెమెరాను కరెంటు స్తంభానికి గానీ ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మెకు గానీ ఎట్టి పరిస్థితుల్లోనూ కట్టకండి. అది ప్రాణాపాయం, పైగా ఆ స్తంభాలు విద్యుత్ పంపిణీ సంస్థ టీజీఎన్‌పీడీసీఎల్ ఆస్తి. 12 అడుగుల ఇనుప పైపును సిమెంటుతో పాతి, పైన ప్యానెల్, దాని కింద నీడలో కెమెరా బిగించి, వైరును పైపు లోపలి నుంచి తీసుకెళ్లండి. వైరు బయట వేలాడితే కోతులు దాన్ని బతకనివ్వవు. కెమెరా స్టార్టర్ డబ్బాను, డబ్బా దగ్గరికి వచ్చే బాటను అడ్డంగా చూసేలా ఉండాలి. ఆరబోసిన మిర్చి మీద కప్పిన టార్పాలిన్లు ఎండకు వేడెక్కి గాలికి ఎగిరినప్పుడు ఉత్త అలర్టులు వస్తాయి, అంచులకు రాళ్లు పెట్టి, సెన్సర్ తీవ్రతను ఒక మెట్టు తగ్గించండి. ఒక్క విషయం మాత్రం నిక్కచ్చిగా చెప్పాలి. ఎనుమాముల మార్కెట్‌కు చేరేదాకా ఏడాది కష్టం ఆ కల్లంలోనే ఉంటుంది. కెమెరా మీకు కబురు చెబుతుంది, దొంగను పట్టుకోదు. ఇల్లు కల్లానికి అయిదు నిమిషాల దూరంలో ఉంటే కాపలా మానవచ్చు. అంతకు మించిన దూరమైతే కెమెరా ఉన్నా మనిషి ఉండాలి.

ప్రశ్న: గోదావరిఖనిలో మా కెమెరా మొదటి ఏడాది బాగా పనిచేసింది. ఇప్పుడు పగలు 100 శాతం చూపిస్తూ, తెల్లవారుజామున ఆగిపోతోంది. ప్యానెల్ మార్చాలా?

జవాబు: పగలు నిండుతోంది కాబట్టి ప్యానెల్ చెడిపోలేదు. 100 శాతం అని చూపిస్తున్న బ్యాటరీ అసలు సామర్థ్యం తగ్గిందని అర్థం. ఎప్పుడూ నిండుగా, వేడిగా ఉన్న లిథియం బ్యాటరీకి త్వరగా ముసలితనం వస్తుంది. నిర్ధారణకు ప్యానెల్ వైరు తీసేసి, ఇంట్లో 5 వోల్టుల చార్జరుతో పూర్తిగా నింపి, మామూలు చోటే ఉంచి ఎన్ని రోజులు నడుస్తుందో చూడండి. ఒక రాత్రి కూడా గట్టెక్కకపోతే బ్యాటరీ మార్చాల్సిందే. అందులో 18650 రకం మార్చుకోదగిన సెల్ ఉంటే ఖర్చు తక్కువ, లోపలే అతికించి ఉంటే సర్వీస్ సెంటరే దిక్కు. మీ ఊళ్లో బొగ్గు దుమ్ము ఎక్కువ కాబట్టి ప్యానెల్‌ను వారానికి ఒకసారి తెల్లవారుజామున, అద్దం చల్లగా ఉన్నప్పుడు, తడిబట్టతో తుడవండి. రాత్రి కెమెరా పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) దీపాల చుట్టూ పురుగులు చేరతాయి, వాటి కోసం సాలీడు గూడు కడుతుంది, ఆ గూడు ఊగిన వెలుగు కెమెరాను రాత్రంతా నిద్రపోనివ్వకపోవచ్చు. అది కూడా బ్యాటరీని తినేస్తుంది, లెన్సు చుట్టూ తుడవడం మరవకండి.

ప్రశ్న: మే నెలలో మధ్యాహ్నం మనుషులు వచ్చినా కెమెరా లేవడం లేదు. రాత్రి మాత్రం బాగానే లేస్తోంది. ఎందుకు?

జవాబు: ఈ కెమెరాలను లేపే పీఐఆర్ సెన్సర్ మనిషి ఒంటి వేడికి, వెనుక ఉన్న గోడ వేడికి మధ్య తేడాను గుర్తిస్తుంది. మే మధ్యాహ్నం గోడ మనిషి ఒంటి వేడికి దగ్గరగా వచ్చేసరికి సెన్సర్‌కు ఆ తేడా దొరకదు. ఎదురుగా నడిచి వచ్చే మనిషి కన్నా అడ్డంగా నడిచే మనిషిని అది త్వరగా పసిగడుతుంది, కాబట్టి కెమెరాను గేటుకు ఎదురుగా కాక పక్కగా తిప్పండి. వేసవి వరకు తీవ్రతను ఎక్కువలో పెట్టి, వానలు మొదలయ్యాక తగ్గించుకోండి.

ప్రశ్న: కెమెరా బిగించిన వ్యక్తి తన ఫోనులోనే యాప్ తెరిచి మాకు షేర్ చేశాడు. ఇది ప్రమాదమా? దొంగతనం జరిగితే పోలీసులకు వీడియో ఎలా ఇవ్వాలి?

జవాబు: ప్రమాదమే, ఈ రోజే సరిచేసుకోండి. అతని ఖాతా అసలు యజమాని ఖాతాగా ఉన్నంతకాలం మీ వాకిలి అతని ఫోనులో కనిపిస్తుంది. అతని యాప్ నుంచి కెమెరాను తొలగింపజేసి, కెమెరాను రీసెట్ చేసి, మీ ఫోను నంబరుతో కొత్తగా కలపండి. ఓటీపీతో కూడిన రెండంచెల భద్రతను ఆన్ చేయండి. మార్చకుండా వదిలేసిన పాత పాస్‌వర్డులనే ఆసరా చేసుకుని 2016లో మిరాయ్ అనే మాల్వేర్ (హానికర సాఫ్ట్‌వేర్) లోకమంతటా కెమెరాలను, డీవీఆర్‌లను చేజిక్కించుకుంది, కాబట్టి కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డును ఒక్క రోజు కూడా ఉంచకండి. పక్కింటి కిటికీ, స్నానాల గది వైపు కెమెరా తిరగకుండా చూసుకోవడం కూడా మీ బాధ్యతే.

దొంగతనం జరిగితే ముందు 112కు ఫోన్ చేయండి. కెమెరాలోని మెమరీ కార్డు నిండితే పాత వీడియోల మీద కొత్తవి వచ్చిపడతాయి కాబట్టి వెంటనే కెమెరాను ఆపి, మెమరీ కార్డును తీసి ఒక కవరులో భద్రపరచండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే వీడియో నాణ్యత తగ్గుతుంది, కాబట్టి అసలు ఫైలునే కాపీ చేసి ఇవ్వండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ ఆధారంతో పాటు ధ్రువపత్రం కూడా జతచేయాలి. ఆ పత్రంలో ఫైలు హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే అంకెలు, అక్షరాల గుర్తు) రాయాల్సి ఉంటుంది కాబట్టి, కార్డును కంప్యూటరులో పెట్టి ఫైళ్ల పేర్లు మార్చడం, కత్తిరించడం చేయకుండా దర్యాప్తు అధికారికి అప్పగించి రసీదు తీసుకోండి.