చెన్నైలో పాత టేకు బీరువా కొనేటప్పుడు ఏం చూడాలి?

దుకాణదారు "నూరేళ్లది, బర్మా టేకు" అంటే నమ్మవచ్చా అని అడిగారు. ఆ మాట పక్కన పెట్టండి. ఈ ఊరి దుకాణాల్లో ప్రతి బీరువాకూ నూరేళ్లే, ప్రతి చెక్కా బర్మా నుంచి వచ్చిందే. మీరు డబ్బు పోసేది చెక్కకూ పనితనానికీ. ఆ రెండింటినీ మీ కళ్లతో మీరే చూసుకోవచ్చు.

ముందుగా బీరువాను గోడ నుంచి జరిపించి వెనక్కి వెళ్లండి. దుకాణదారు విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి. చెట్టినాడు ప్రాంతంలో పడగొట్టిన ఇళ్ల తలుపులనూ కిటికీలనూ తెచ్చి, కొత్త పెట్టెకు బిగించి పాత బీరువాగా అమ్మడం మామూలే. ముందు నుంచి చూస్తే చెక్కడాలు, ఇత్తడి గుబ్బలు, వెనక ప్లైవుడ్. అందులో తప్పేమీ లేదు, మా వంటింట్లో గిన్నెల బీరువా అలాంటిదే. కానీ దాని ధర తలుపుల ధర కావాలి, బీరువా ధర కాదు.

తరువాత సొరుగును పూర్తిగా బయటికి లాగి తిరగేయండి. మూలల్లో రెండు చెక్కలు పళ్లు పళ్లుగా ఒకదానిలో ఒకటి దిగి ఉంటాయి. చేత్తో కోసినవైతే ఆ పళ్లు కాస్త ఎగుడుదిగుడుగా ఉంటాయి, అడుగున చిత్రిక పట్టిన గాళ్లు వేళ్లకు తగులుతాయి. అన్నీ అచ్చు గుద్దినట్టుంటే యంత్రం పని. ప్లస్ గుర్తు స్క్రూలు 1930ల తరువాతే వాడుకలోకి వచ్చాయి. అవి కనబడితే కనీసం బందులైనా మార్చారన్నమాట. అంతమాత్రాన వద్దనుకోనక్కర్లేదు.

పుచ్చు విషయంలో మాత్రం మొహమాటపడకండి. పాత రంధ్రాలుంటే ఉండనీ, బీరువాను తట్టినప్పుడు వాటిలోంచి తాజా పొడి రాలితే పురుగు ఇంకా బతికే ఉంది. టేకు చేవ, అంటే మాను నడిమి ముదురు చెక్క, జోలికి ఈ పురుగు సాధారణంగా పోదు, చుట్టూ ఉండే తెల్లచెక్కనే తింటుంది. కనుక అరల అంచుల్లో పాలిపోయిన చారలున్నాయేమో చూడండి. ముదురు పాలిష్ ఈ చారలనూ పుట్టీనీ కూడా దాచేస్తుంది. పాలిష్ వేయని సరుకు చూపించమని అడగడం మేలు.

టేపు వెంట తీసుకెళ్లండి. పాత బీరువాలు చాలావరకు మడతపెట్టిన చీరలకూ పంచెలకూ చేసినవి. చొక్కాలు హ్యాంగర్లకు తగిలించాలంటే లోపలి లోతు 22 అంగుళాలైనా కావాలి. మీది అద్దె ఇల్లయితే, విడదీసి బిగించే వీలుందో లేదో కూడా అడగండి. లిఫ్టులో పట్టక మెట్ల మీద మోయిస్తే కూలీ ఖర్చు కళ్లు తిరిగేలా చేస్తుంది.

ఎక్కడంటే, పల్లావరం శుక్రవారం సంతలో చిన్న సామాను చవక. ఈస్ట్ కోస్ట్ రోడ్డు దుకాణాల్లో సరుకు బాగుంటుంది, బేరం కష్టం. చెట్టినాడు ఊరైన కారైక్కుడిలో మునీశ్వరన్ కోవిల్ వీధి ఈ వ్యాపారానికి పేరుపడ్డది. అయితే 400 కిలోమీటర్లు, లారీ బాడుగ కలిపి లెక్క వేసుకోండి.

ఎండాకాలంలో కొంటే, నవంబరు వానలకు తలుపు బిగుసుకుంటుంది. వెంటనే వడ్రంగిని పిలిచి అంచు చెక్కించకండి, సంక్రాంతి దాటి తేమ ఆరాక అక్కడ సందు పడుతుంది. అప్పటిదాకా అంచుకు కొవ్వొత్తి రుద్దుతూ ఉంటే చాలు.